ఒకటో తారీకు ఆటగాళ్ళు

మన పత్రికల్లో కథ కింద రచయిత పరిచయం వేస్తారు చూడండి, అందులో ఒక వాక్యం అచ్చు గుద్దినట్టు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "వృత్తి ఉపాధ్యాయత్వం, ప్రవృత్తి సాహిత్యం." ఉపాధ్యాయత్వం ఉన్నచోట ఒక్కోసారి బ్యాంకు ఉద్యోగమో, రైల్వే గుమాస్తాగిరీయో, పశువుల ఆసుపత్రో వచ్చి కూర్చుంటుంది. ప్రవృత్తి మాత్రం మారదు. ఈ వాక్యం చదివి "అయ్యో పాపం, ఈయన సగం రచయితే కాబోలు" అనుకున్న పాఠకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

అనుకోరు కూడాను. మా గుంటూరు సీమలో ఆ ధైర్యం ఎవరికుంటుంది? వినుకొండలో పుట్టిన జాషువా గారు బడిపంతులుగా బతికారు, తెలుగు పండితులుగా బతికారు, మద్రాసు రేడియోలో ఉద్యోగం చేశారు. ఆయన్ని పార్ట్ టైము కవి అన్నవాడు లేడు. "మాలపల్లి" రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు బారిస్టరు. రంగస్థలం మీద కృష్ణుడంటే ఈయనే అనిపించుకున్న బందా కనకలింగేశ్వరరావు గారు ఏలూరులో వకీలు. పగలు కోర్టులో నల్లకోటు, రాత్రి స్టేజీ మీద నెమలి పింఛం. మనకు రెండూ సమ్మతమే. పైపెచ్చు, "ఉద్యోగం చేసుకుంటూ కూడా ఎంత సాధించాడండీ!" అని ఒక వీసం ఎక్కువే మెచ్చుకుంటాం.

మరి బంతి తన్నేవాడి దగ్గరికి వచ్చేసరికి ఈ ఔదార్యం ఏమైపోతుంది? "ఏం చేస్తుంటావోయ్?" "ఫుట్‌బాల్ ఆడతానండి." "అది సరేలే, ఏం చేస్తుంటావు?" ఈ రెండో ప్రశ్న మనం కవినీ నటుణ్ణీ అడగం. ఆటగాణ్ణి మాత్రం అడిగి తీరతాం.

ఈ మాటంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య ఇంట్లో టీవీలో "మైదాన్" అనే హిందీ చిత్రం చూశాను. 2024 ఏప్రిల్‌లో విడుదలైన చిత్రం. అమిత్ శర్మ దర్శకుడు, అజయ్ దేవగన్ కథానాయకుడు, సంగీతం రహమాన్. నిడివి సుమారు మూడు గంటలు. కథ మన హైదరాబాదు మనిషిది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఫుట్‌బాల్ గురువుది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మనవాళ్ళు పదికి ఒకటి గోళ్ళతో చిత్తుగా ఓడిపోవడం దగ్గర మొదలై, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను రెండు ఒకటితో ఓడించి బంగారు పతకం తేవడం దగ్గర ముగుస్తుంది.

చిత్రం బాగాలేదని నేననను. జకార్తా ఫైనలు తీసిన తీరు చూస్తుంటే, ఫలితం అరవై ఏళ్ళ క్రితమే తెలిసిపోయినా గుండె కొట్టుకుంటుంది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగులు గోళ్ళు చేసిన ఘట్టాల్లో మా ఇంట్లో ఫుట్‌బాల్ సంగతి బొత్తిగా తెలియని ఆడవాళ్ళు సైతం లేచి నిలబడ్డారు. ఊపిరితిత్తుల్లో జబ్బు పెట్టుకొని కూడా వేళ్ళ మధ్య సిగరెట్టు విడవని ఆ మొండి మనిషిని దేవగన్ ఎక్కువ మాట్లాడకుండానే నిలబెట్టాడు. జట్టును జకార్తాకు పంపే డబ్బు కోసం ఢిల్లీలో ఎంత దేవులాడవలసి వచ్చిందో కూడా చూపించారు. ఇన్ని గుణాలున్న చిత్రాన్ని పట్టుకొని లోపం వెదకడం విమర్శకుల దుర్బుద్ధి అనుకోకండి. ఆ లోపం నేను వెదికింది కాదు. నా పక్కన కూర్చున్నవాడు పట్టుకున్నది.

వాడు మా మేనల్లుడు. వయసు ఇరవై ఒకటి. గుంటూరు శివార్లలో ఒక కోల్డు స్టోరేజీలో మిర్చి టిక్కీల లెక్క రాసే గుమాస్తా. ఫిబ్రవరి నుంచి మే దాకా, యార్డుకు సరుకు ముంచుకొచ్చే కాలంలో, వాడికి రాత్రీ పగలూ తేడా ఉండదు. లారీ వచ్చినప్పుడే తెల్లవారినట్టు. మిగతా రోజుల్లో పొద్దున్నే కాలేజీ గ్రౌండులో బంతి వెంట పరుగెత్తుతాడు. ఎడమ కాలు వాటం. ఆదివారాలు చుట్టుపక్కల టోర్నమెంట్లకు పిలుస్తారు. వెళితే బస్సు ఛార్జీ, బిర్యానీ పొట్లం, గెలిస్తే చేతిలో ఓ కవరు. పార్ట్ టైము ప్రొఫెషనలు అనే పెద్ద మాట వాడికి వర్తిస్తుందో లేదో గాని, ఆ కవరులో డబ్బు మాత్రం వాళ్ళమ్మ, అంటే మా అక్కయ్య, పాలవాడి బాకీకి జమకట్టిన రోజులున్నాయి. అక్కయ్య పేచీ కూడా అక్కడే. "ఆట అన్నం పెడుతుందట్రా?" అన్నది ఆ ఇంట్లో సుప్రభాతంలా రోజూ వినిపించే మాట.

చిత్రం సగంలో ఉండగా వాడు నా వైపు తిరిగి అడిగాడు: "మావయ్యా, వీళ్ళకు జీతం ఎవరిస్తున్నారు?"

నేను జవాబు చెప్పేలోగా తెర మీద ఇంకో గోలు పడింది. కాని ఆ ప్రశ్న పడలేదు. చిత్రం అయిపోయాక కూడా అలాగే నిలబడి ఉంది. కోల్డు స్టోరేజీ గుమాస్తాకు తట్టిన ఈ ప్రశ్న, చిత్రం మీద వచ్చిన సమీక్షలు నేను చదివినంతలో ఎవరికీ తట్టలేదు. అజయ్ దేవగన్ నటన గురించి రాశారు, పాటల గురించి రాశారు, దేశభక్తి గురించి బోలెడు రాశారు. ఆ ఆటగాళ్ళు ఇంటికి బియ్యం ఎలా తెచ్చుకున్నారో ఎవరికీ పట్టలేదు. నన్నడిగితే రహీం కథలో అసలు కీలకం అక్కడే ఉంది.

జవాబు చెబుతాను. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు జీతం ఇచ్చింది పోలీసుశాఖ. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు అంటే 1950లలో బొంబాయి, కలకత్తా, ఢిల్లీ క్లబ్బులకు సింహస్వప్నం. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఎత్తుకొచ్చారు. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చారు. రాష్ట్రం ఏర్పడ్డాక అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. 1961లో మళ్ళీ డ్యూరాండ్, మళ్ళీ ఎదుట మోహన్ బగానే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి ఒలింపిక్ ఆటగాళ్ళ పేర్లు ఆ శాఖ జీతాల పట్టీలో ఉండేవి. అంటే, దేశానికి ఆడిన మనిషి చేత నెలాఖరున సంతకం పెట్టించుకొని కానిస్టేబులు జీతం చేతికిచ్చేవారన్నమాట.

వీళ్ళందరికీ గురువైన రహీం సాహెబ్ స్వయంగా ఎవరు? బడిపంతులు! ఉస్మానియా పట్టభద్రుడు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని చాదర్‌ఘాట్ హైస్కూలు దాకా పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత నెత్తిన వేసుకున్నవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డ మీద నాలుగు రెండుతో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచిన జట్టుకు శిక్షకుడు ఈ మేష్టారే. ఆయన పద్ధతుల్లో కూడా మేష్టారితనం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుర్రవాళ్ళు కుడికాలికి అలవాటుపడి ఎడమకాలిని నిర్లక్ష్యం చేస్తున్నారని, వాటం లేని కాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టించాడట. ఎడంచేత్తో అక్షరాలు దిద్దించినట్టు! బంతిని ఒక్కడే పట్టుకొని ఊరేగకూడదు, వెంటనే తోటివాడికి అందించాలనే నియమంతో ఇంకో పోటీ. ఇది తెలివైన మేష్టారు క్లాసులో చేసే పనే. ముందు బెంచీలో కూర్చున్న ఒక్కడే అన్ని ప్రశ్నలకూ చెయ్యెత్తకుండా చూడడం.

ఇప్పుడు చిత్రం సంగతికి వద్దాం. రహీంలో చిత్రం చూసినది తపన. గెలవాలనే తపన, దేశం తలెత్తుకోవాలనే తపన. అడ్డుపడే పత్రికా రచయిత ఒకడు, కుట్రలు పన్నే ఫెడరేషను పెద్దలు కొందరు. తపనకూ కుట్రకూ మధ్య పోరాటం. చివరికి తపన గెలుస్తుంది. మన పౌరాణికాల చట్రమే, కాకపోతే లాగూలు తొడిగారు. నిజమే, తపన లేకుండా ఎవరూ జకార్తా వెళ్ళలేరు. కాని తపన ఒక్కటే చాలదు. పత్తి గింజలో చెట్టు ఉంటుంది, కాదనను. అంతమాత్రాన నల్లరేగడీ, వానా, పెట్టుబడీ లేకుండా గింజ చేత పట్టుకొని కూర్చుంటే కాయ పగులుతుందా? రహీం గింజ అయితే, హైదరాబాదు నల్లరేగడి పోలీసు జీతం. చిత్రం గింజకు దండలు వేసి, నేలను ఫ్రేములోంచి తప్పించేసింది.

తప్పిస్తే ఏమయింది అంటారా? చాలా అయింది. నేల కనిపించకపోయేసరికి చూసేవాడికి రెండే దారులు తోస్తాయి. ఒకటి, "మహానుభావుడు, మనవల్ల ఎక్కడవుతుంది" అని దండం పెట్టి ఊరుకోవడం. రెండోది, తపన ఉంటే చాలనుకొని ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు ఉద్యోగం వదిలేసి బంతి చంకన పెట్టుకొని రైలెక్కడం. మొదటిది సోమరితనం, రెండోది ప్రమాదం. మంచి జీవితకథ ఈ రెండూ కాని మూడో దారి చూపించాలి. ఆ మూడో దారి రహీం జీవితంలోనే, ఆయన జట్టు జీవితంలోనే ఉంది. దాని పేరు ఒకటో తారీకు.

ఇది మన ఊరి గొడవ మాత్రమే కాదు, ఆ రోజుల్లో లోకమంతా ఇదే తీరు. ఒలింపిక్సులో ఆడాలంటే ఆటకు డబ్బు తీసుకోనివాడే అయ్యుండాలని నియమం. కనుక దేశాలన్నీ తమ ఆటగాళ్ళకు ఏదో ఒక ఉద్యోగపు చొక్కా తొడిగాయి. మాస్కోలో డైనమో జట్టు పోలీసు మంత్రిత్వశాఖది, లోకోమోటివ్ రైల్వేలది. 1952లో హెల్సింకీ బంగారు పతకం గెలిచిన హంగరీ వీరుడు పుష్కాష్ సైన్యపు జట్టులో ఆడేవాడు, ఆయనకు మేజరు హోదా. పెట్టుబడికి పుట్టిల్లయిన ఇంగ్లండులోనో? ఆటగాడి వారపు జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. 1961లో ఎత్తివేసేనాటికి అది ఇరవై పౌన్లు. ఆ కాలపు మేటి ఆటగాడు టామ్ ఫిన్నీకి "ప్రెస్టన్ ప్లంబరు" అని పేరు. ఎగతాళి కాదు, నిజంగానే కుళాయిల పని చేసేవాడు. తండ్రి ముందు చేతిపని నేర్చుకొమ్మన్నాడు, నేర్చుకున్నాడు. ఇంగ్లండుకు డెబ్బయ్యారు మ్యాచీలు ఆడాడు. 1952లో ఇటలీ నుంచి పలెర్మో క్లబ్బు పదివేల పౌన్లు ఎదురిస్తామంటే అతని క్లబ్బు పొమ్మనలేదు. అతను మళ్ళీ పైపుల దగ్గరికే వచ్చాడు.

మొన్న మొన్నటి మాట ఇంకొకటి. 2016 యూరప్ పోటీల్లో ఇంగ్లండును ఇంటికి పంపిన ఐస్‌లాండు జట్టు శిక్షకుల్లో ఒకాయన పళ్ళ డాక్టరు. 2018 ప్రపంచకప్పులో అర్జెంటీనా మెస్సీ కొట్టిన పెనాల్టీని ఆపిన గోల్ కీపరు సినిమాలు తీసే దర్శకుడు. ఆ దేశం మొత్తం జనాభా గుంటూరు పట్నంలో దాదాపు సగం. కాబట్టి, రెండో పని ఉన్నవాడు సగం ఆటగాడనే మాట మెస్సీ ముందు చెల్లలేదు.

అలాగని పార్ట్ టైము బతుకును ఆకాశానికెత్తితే నేనూ చిత్రం చేసిన పనే చేసినవాణ్ణవుతాను. వాళ్ళు తపనకు హారతి పట్టారు, నేను జీతానికి హారతి పట్టినట్టవుతుంది. ఉద్యోగం ఇచ్చే చేతికి పట్టుకునే గుణం కూడా ఉంటుంది. పై అధికారికి ఆట మీద ప్రేమ ఉన్నంతకాలం గ్రౌండు. ఆయన బదిలీ అయి, ఆట గిట్టని మనిషి వస్తే బందోబస్తు డ్యూటీ. ఇది మనకు తెలియనిదా? పద్యనాటకాల్లో వేషం కట్టే గుమాస్తాలు పరిషత్తు పోటీల రోజుల్లో సెలవు చీటీ పట్టుకొని ఆఫీసరు గది ముందు నిలబడ్డ కథలు ఈ ప్రాంతంలో ఇంటికొకటి దొరుకుతాయి. రాత్రంతా హరిశ్చంద్రుడుగా రాజ్యం పోగొట్టుకొని, పొద్దున్నే వచ్చి హాజరుపట్టీలో సంతకం కోసం బతిమాలుకున్నవాళ్ళు. ఆటగాడికి అంతకన్నా ఇంకో చిక్కుంది. నటుడికి అరవై ఏళ్ళొచ్చినా గొంతుంటే వేషం ఉంటుంది. బంతాటకు ముప్ఫై అయిదు దాటితే కాలు మాట వినదు.

అందుకే ఇద్దరు మనుషుల జీవితాలు పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఇద్దరూ జంటనగరాలవాళ్ళే, ఇద్దరూ జకార్తా జట్టువాళ్ళే.

ఒకరు గోల్ కీపరు పీటర్ తంగరాజ్. పొడుగాటి మనిషి. 1953లో సైన్యంలో, మద్రాసు రెజిమెంటల్ సెంటరులో చేరాడు. ఆ జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. తరవాత కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగు, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఆట అయిపోయాక బొకారో ఉక్కు కర్మాగారం నీడ దొరికింది. 2008లో కన్నుమూసిందాకా జీవితం ఆ ఊళ్ళోనే. సైన్యం, క్లబ్బు, కర్మాగారం: మెట్టు తరవాత మెట్టు. ఒక మెట్టు జారితే ఇంకో మెట్టు మీద కాలు ఆనింది.

రెండోవారు తులసీదాస్ బలరాం. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రవాడు. శిబిరానికి రావడానికి దారిఖర్చులు లేవంటే రహీం సాహెబే సైకిలుకు ఏర్పాటు చేశాడని చెబుతారు. మెల్‌బోర్న్ వెళ్ళాడు. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, 1961లో ఆ జట్టు నాయకుడయ్యాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేశాడు. 1962లో అర్జున బహుమతి వచ్చింది. 1963కల్లా ఊపిరితిత్తుల జబ్బు. ఆట అయిపోయింది. వయసెంతనుకున్నారు? ఇరవై ఏడు దాటలేదు. మన ఇళ్ళల్లో కుర్రవాడికి ఇంకా మొదటి ఉద్యోగం చూస్తుండే వయసు. ఆయనకు అప్పుడు ఆసరా అయింది పేరూ కాదు, గోళ్ళూ కాదు. ఆ ఏడే చేరిన రైల్వే జట్టు, దాని వెనకనున్న రైల్వే ఉద్యోగం. ఆ తరవాత మరో అరవై ఏళ్ళు బతికి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. లెక్క వేసుకోండి: పట్టుమని పదేళ్ళు కూడా లేని ఆట, అరవై ఏళ్ళ మిగతా బతుకు. చిత్రం ఆ ఆట దగ్గరే తెర దించుతుంది. తప్పు లేదు, సినిమా ఎక్కడో ఒకచోట అయిపోవాలి కదా. కాని మన అభిమానం కూడా అక్కడే అయిపోతే అది మన తప్పు.

రహీం సాహెబ్‌కు ఆ అరవై ఏళ్ళూ దక్కలేదు. జకార్తా గెలిచింది 1962 సెప్టెంబరు నాలుగున. ఆయన పోయింది 1963 జూన్ పదకొండున. చిత్రం మనకు కన్నీళ్ళు తెప్పించేదీ ఇక్కడే. ఆయనతోనే హైదరాబాదు ఫుట్‌బాల్ కూడా పోయిందని వాడుకగా అనేస్తుంటారు. వినడానికి బాగుంటుంది, విషాదంగా ఉంటుంది. కాని నాకు ఒప్పుదల కాదు. ఆయన పోయాక, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. నయీముద్దీన్, ఆ తరవాత షబ్బీర్ అలీ లాంటివాళ్ళు భారత జట్టుకు నాయకులయ్యారు. గురువు ఒకడు పోతే ఒక తరం దెబ్బ తింటుంది, నిజమే. తరతరాలుగా ఎండిపోవడానికి మాత్రం కారణం వేరే ఉంటుంది. మంచి ఆటగాళ్ళను కలకత్తా డబ్బు లాక్కుపోయింది. ఇక్కడ ఆటగాణ్ణి చూసి ఉద్యోగం ఇచ్చే శాఖలు తగ్గుతూ వచ్చాయి. నేలలో సారం పోయింది. మనం గింజలు మంచివి రావడం లేదని అంటున్నాం.

మరి పూర్తి ప్రొఫెషనల్ కాలం వచ్చిందిగా, ఇంక ఈ ఉద్యోగాల గొడవెందుకు అంటారేమో. అదీ చూశాం. హైదరాబాదు ఎఫ్.సి. అనే క్లబ్బు 2022 మార్చిలో దేశంలోకెల్లా పెద్ద లీగు గెలిచింది. మనవాళ్ళు మురిసిపోయారు. రెండేళ్ళు తిరక్కుండానే జీతాల బకాయిలన్నారు, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2025లో ఆ క్లబ్బే పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. 1950ల కానిస్టేబులుకు కోట్లు రాలేదు, నిజమే. కాని ఒకటో తారీకు వచ్చేది. జట్టు మూట కట్టుకొని ఇంకో ఊరు పోయే ప్రమాదమూ లేదు. ఏది ప్రొఫెషనలో, ఏది పార్ట్ టైమో పేరును బట్టి నిర్ణయించడం ఎంత కష్టమో చూశారా!

మా మేనల్లుడి ముందు ఈ చర్చ పుస్తకాల చర్చలా లేదు. వాడికి ఒకే నెలలో రెండు పిలుపులొచ్చాయి. ఒకటి పొరుగు రాష్ట్రంలో ఓ చిన్న క్లబ్బు నుంచి, ఏడాది ఒప్పందానికి. చెప్పిన జీతం కోల్డు స్టోరేజీ జీతానికి రెట్టింపు. రెండోది రైల్వేలో క్రీడాకారుల కోటా ఎంపికలు. అందులో గెలిచినా మొదట దొరికేది చిన్న నౌకరీయే. వాడి మనసు మొదటి దాని మీద ఉంది. అక్కయ్య మనసు రెండింటి మీదా లేదు. "మిర్చి లెక్క రాసుకుంటే ఏం పోయింది" అంటుంది.

నన్నడిగారు. విమర్శకుణ్ణి సలహా అడగడం ప్రమాదమని వాళ్ళకు తెలియదు. నేను అక్కయ్యతో చెప్పిందేమిటంటే: "ఆట అన్నం పెడుతుందా అని కాదే అడగాల్సింది. అన్నం పెట్టే పనిలో ఆటకు చోటుందా అని అడుగు." వాడితో చెప్పింది ఇంకాస్త కటువుగా ఉంది. "ఒరే, క్లబ్బుకు వెళ్ళేట్టయితే జీతం ఎంత అని కాదు, మోకాలు విరిగితే ఎవరు చూస్తారని అడుగు. ఆ జవాబు కాయితం మీద పెట్టమను. రైల్వేకి వెళ్ళేట్టయితే ఏ నౌకరీ అని కాదు, పొద్దున్న ప్రాక్టీసుకు గంటలెన్ని ఇస్తారని అడుగు." వాడు కాసేపు ఊరుకొని, "ఈ రెండు ప్రశ్నలూ సినిమాలో ఉంటే బాగుండేది మావయ్యా" అన్నాడు. నేను ఇన్ని మాటల్లో చెబుతున్న విమర్శ వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఎంపికలకు వెళుతున్నాడు. ఫలితం దైవాధీనం, ఎడమకాలు వాడి అధీనం.

ఆటగాళ్ళ మీద సినిమా తీసేవారికీ, పుస్తకం రాసేవారికీ, ఆదివారం సంచికలో వ్యాసం రాసే నాబోటివాళ్ళకూ ఒక మనవి. గోళ్ళ లెక్కతో పాటు జీతం లెక్క కూడా రాయండి. అది రాస్తే వీరుడు చిన్నవాడైపోడు. పొద్దున డ్యూటీ ఉందని తెలిసీ సాయంత్రం ఆడినవాడు చిన్నవాడెలా అవుతాడు? పైగా ఆ లెక్క రాసినప్పుడే, అటువంటివాళ్ళు మళ్ళీ పుట్టాలంటే ఏం కావాలో ఊరికి తెలుస్తుంది. ఊరికి కావలసింది విగ్రహం కాదు. ఒక గ్రౌండు, నాలుగు నౌకరీలు, ఆట తెలిసిన ఒక బడిపంతులు.

మన దగ్గర పరిచయ వాక్యం ఎటూ సిద్ధంగా ఉంది. కవులకూ కథకులకూ ఇన్నేళ్ళు వాడి వాడి నున్నబడ్డ వాక్యం. దాన్ని ఒక్కసారి ఇటువైపు కూడా తిప్పి చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం: వృత్తి ఉపాధ్యాయత్వం, ప్రవృత్తి భారతదేశాన్ని గెలిపించడం. ఎక్కడైనా వెలితిగా ఉందా?